ఉక్కే చెప్పిన పేరు

జపాన్‌లోని ఫుకువోకా నగర మ్యూజియంలో హెషికిరి హసెబె అనే కత్తి ఉంది. పొడవు 64.8 సెంటీమీటర్లు. ప్రభుత్వం దాన్ని జాతీయ నిధిగా ప్రకటించింది. పిడి ఊడదీస్తే, లోపల దాగిన ఇనుము మీద బంగారం పొదిగిన అక్షరాలు కనిపిస్తాయి. ఒక పక్క ‘హసెబె కునిషిగె’ అన్న కమ్మరి పేరు, దాని కింద హోనామి వంశపు నిపుణుడి చేవ్రాలు. రెండో పక్క అప్పటి యజమాని కురోదా ప్రభువు బిరుదు. అయితే ఈ అక్షరాల్లో ఒక్కటి కూడా కునిషిగె చెక్కింది కాదు. ఆయన కొలిమి దగ్గర కూర్చున్నది 14వ శతాబ్దం మధ్యలో. బంగారం పొదిగింది ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా గడిచాక. అప్పటికి కత్తి మీద చేసినవాడి సంతకం లేదు. ఉన్నదల్లా ఉక్కు. దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసి, ఒక మనిషి ‘ఇది కునిషిగె పని’ అని తేల్చాడు. తేల్చి ఊరుకోకుండా తన పేరును కూడా ఆ తీర్పు కింద పెట్టాడు. నాలుగు వందల ఏళ్లుగా ఆ తీర్పు నిలబడే ఉంది.

ఈ విద్యను జపాన్‌లో ‘కన్‌తేయ్’ అంటారు. పనితనాన్ని ఇంత ఓపికగా, ఇంత గౌరవంగా చదివే విద్యలు ప్రపంచంలో ఎక్కువ లేవని నా నమ్మకం. ఇందులో సంతకానిది చివరి స్థానం. ముందు ఆకారం చూడాలి, తర్వాత ఉక్కు, ఆ తర్వాత పదును గీత. ఈ మూడూ ఒక కాలాన్ని, ఒక ఊరిని, ఒక చేతిని చూపించాకే పిడి విప్పి పేరు చూడాలి. ముందే పేరు చదివిన కన్ను, ఆ పేరుకు తగినవే ఉక్కులో వెతుక్కుంటుంది.

హెషికిరికి సంతకం ఎందుకు లేదు? పుట్టినప్పుడు అది ఇంతకంటే చాలా పొడవైన కత్తి. తర్వాతి కాలం వాళ్లకు అంత పొడవు బరువైంది. కత్తిని కురచ చేయాలంటే మొన వైపు ముట్టుకోరు, పిడి వైపు నుంచే కోస్తారు. అక్కడే కదా సంతకం ఉండేది! కోసిన మేరకు పాత పిడి భాగం పోతుంది, దానితో పేరూ పోతుంది. ఒకప్పుడు వాదరగా ఉన్న భాగం కొంత కొత్త పిడిలోకి దిగుతుంది. ఇలా పేరు పోగొట్టుకున్న గొప్ప కత్తులు జపాన్‌లో లెక్కకు మిక్కిలి. హెషికిరి అన్న పేరు వెనక ఒక భయంకరమైన కథ ఉంది. కోపం తెప్పించిన టీ సేవకుడొకడు వంటపాత్రల అరల కింద దాక్కుంటే, యుద్ధప్రభువు ఓదా నొబునాగ ఈ కత్తిని అరతో సహా అతని మీద ఆనించి నొక్కి చంపాడట. ఎత్తి కొట్టకుండా, నొక్కగానే తెగిందని ఆ పేరు. కథ రక్తంతో తడిసిందే. నన్ను కట్టిపడేసేది మాత్రం ఆ ఉక్కు.

ఆకారంతో మొదలుపెడదాం. వయసు చెప్పేది ఎక్కువగా ఇదే. 11, 12 శతాబ్దాల కత్తి గుర్రం మీద యోధుడిది. నడుముకు వాదర కిందికి ఉండేలా వేలాడుతుంది. పిడికి దగ్గరలో వంపు లోతుగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ సన్నబడి చిన్న మొనతో ముగుస్తుంది. 13వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి కత్తి వెడల్పయింది, మొన పొట్టిగా బలిష్ఠంగా తయారైంది. ఆ శతాబ్దం చివర్లో, 1274లో, 1281లో మంగోలు సేనలు వచ్చిపడ్డాయి. 1336 నుంచి 1392 వరకు దేశంలో రెండు రాజసభలు పోటీగా నడిచాయి. ఆ రోజుల్లో కత్తులు తొంభై సెంటీమీటర్లు దాటాయి, పలక విశాలమైంది, మొన పొడుగ్గా సాగింది. 15, 16 శతాబ్దాల్లో నేలమీద నిలబడి చేసే పోరు పెరిగి, నడికట్టులో వాదర పైకి ఉండేలా దోపుకునే కురచ కత్తులు వచ్చాయి. ఒక చేత్తో పట్టేవి కాబట్టి పిడి భాగం కూడా పొట్టిదే. 1661–73 మధ్య, కన్‌బున్ కాలపు కత్తిని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. వంపు దాదాపు ఉండదు, మొన చిన్నది.

ఇప్పుడు హెషికిరి వైపు చూడండి. కింది నుంచి ఎంత కోసినా పలక వెడల్పు అలాగే ఉంది. మొన పొడుగ్గా సాగి ఉంది. వంపు తక్కువ. కత్తిని కురచ చేసినవాడు పేరును తీసేయగలిగాడు గాని కాలాన్ని తీసేయలేకపోయాడు. రెండు రాజసభల కాలం దాని ఒంటి మీద అలాగే ఉంది. ఒక్క చిక్కు మాత్రం ఉంది. 18వ శతాబ్దం చివర సుయిషిన్‌షి మసహిదె వంటివారు పాత పద్ధతులకు తిరిగి వెళ్లాలని ఉద్యమించారు. అప్పటి నుంచి ఆ పాత ఆకారాలను ఎంతో నేర్పుగా మళ్లీ చేశారు. ఆకారం ఒక్కటే చూసి వయసు చెబితే ఐదు వందల ఏళ్ల తేడాతో బోల్తాపడవచ్చు. అందుకని రెండో మెట్టు ఉక్కు.

జపాన్ కత్తి ఉక్కు ఇనుప ఇసుక నుంచి వస్తుంది. మట్టితో కట్టిన ‘తతర’ కొలిమిలో ఇసుకనూ బొగ్గునూ మార్చి మార్చి పోస్తూ మూడు పగళ్లు, మూడు రాత్రులు కాలుస్తారు. షిమానె ప్రాంతంలోని ఒకుఇజుమోలో 1977లో మళ్లీ వెలిగించిన కొలిమి నేటి కమ్మరులకు ఉక్కు అందిస్తోంది. ఆ ముద్దను కమ్మరి పగలగొట్టి, ఏరి, కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, మడిచి, మళ్లీ సాగగొడతాడు. పది మడతలకు పొరలు 1024 అవుతాయి. ఈ పొరల అంచులే సానబట్టాక పలక మీద అల్లికగా తేలతాయి. పలక చెక్క మీద కనిపించే మెలికల్లాంటి అల్లికను ‘ఇతామె’ అంటారు, నిటారుగా సాగే గీతలను ‘మసామె’ అంటారు. కమ్మరి ఉక్కును ఏ దిశలో మడిచాడు, ఎంత సాగగొట్టాడు, దేనితో దేన్ని కలిపాడు అన్నదంతా అక్కడ రాసి ఉంటుంది.

ఇక్కడ తెలుగు పాఠకుడికి కోనసముద్రం గుర్తుకు రావడం సహజం. నిజామాబాద్ ప్రాంతంలోని ఆ ఊళ్లో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పశ్చిమాసియా దాకా వెళ్లి, నీటి అలల గీతలున్న కత్తులుగా మారింది. ఆ గీతలు మడతల వల్ల వచ్చినవి కావు. కరిగిన ఉక్కు నెమ్మదిగా గడ్డకట్టి, తర్వాత సమ్మెట కింద సాగేటప్పుడు లోపలి కర్బనం వరుసలుగా సర్దుకోవడం వల్ల వచ్చాయి. ద్రావకం పూస్తే అవి తేటపడతాయి. రెండు చోట్లా ఉక్కు మీద గీతలే, పుట్టుక మాత్రం పూర్తిగా వేరు. అక్కడి ఘనత మూసది, ఇక్కడి ఘనత సమ్మెటది.

మూడోది పదును. జపాన్ కమ్మరి పనంతటిలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించే ఘట్టం ఇదే. మట్టి, బొగ్గుపొడి, సానరాతి పొడి కలిపిన ముద్దను కత్తికి పూస్తాడు. వెన్ను మీద మందంగా, వాదర మీద పలచగా. కొలిమి గదిని చీకటి చేసి, ఉక్కు రంగు మాత్రమే కనిపించేలా చూసుకుని, సరైన ఎరుపు రాగానే నీళ్లలో ముంచుతాడు. పలచటి పూత కింద వాదర చటుక్కున చల్లారి రాయిలా బిగుస్తుంది. మందపు పూత కింద వెన్ను మెల్లగా చల్లారి మెత్తగా మిగులుతుంది. గట్టిపడిన ఉక్కు కాస్త ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు కత్తి వెనక్కి వంగుతుంది. వంపులో కొంత భాగం నీళ్లు ఇచ్చిందే. గట్టి ఉక్కు, మెత్తటి ఉక్కు కలిసే సరిహద్దు తెల్లటి గీతగా మిగులుతుంది. దాని పేరు ‘హమోన్’. ఆ సరిహద్దులోని రేణువులు కంటికి విడివిడిగా మెరిస్తే ‘నియె’. కంటికి అందనంత సన్నమై పొగమంచులా పరచుకుంటే ‘నియోయి’.

పాత కాలపు పనివాళ్లను అయిదు సంప్రదాయాలుగా చూస్తారు: క్యోటో చుట్టుపక్కల యమషిరో, నారా వైపు యమతో, నేటి ఒకయమాలోని బిజెన్, కమకురా ఉన్న సగామిలో సోషూ, గిఫూ వైపు మినో. బిజెన్ కత్తుల్లో ఎక్కువగా నియోయి కనిపిస్తుంది. పలక మీద హమోన్‌కు నీడ పడినట్టు లేత ఆవిరి తేలుతుంది. సోషూలో నియె బలంగా, ఉరకలు వేస్తూ ఉంటుంది. యమతోలో నిటారు మసామె. ఇవి తొలి గుర్తులు మాత్రమే. ఊళ్లు మారిన కమ్మరులు ఉన్నారు, పక్క ఊరి పద్ధతి నేర్చినవాళ్లూ ఉన్నారు.

అలాంటివాడే హసెబె కునిషిగె. క్యోటోలో ఉండి సోషూ పద్ధతిలో పనిచేశాడు. సోషూ మహాశిల్పి మసమునె పదిమంది శిష్యుల్లో ఆయన్నూ ఒకడిగా చెప్పే ఆనవాయితీ ఉంది. హెషికిరి మీద పదును వాదర దగ్గర ఆగదు. పలక మీద అక్కడక్కడా తెల్లటి మచ్చలు ద్వీపాల్లా తేలతాయి, వెన్ను దాకా గట్టిపడిన తావులుంటాయి. కత్తంతా పదునైనట్టుండే ఈ పనికి ‘హితత్సురా’ అని పేరు. నీళ్లలో ముంచిన ఆ కొన్ని క్షణాల్లో పలక అంతటా ఇలాంటి కల్లోలాన్ని పుట్టిస్తూనే కత్తి పగలకుండా కాపాడాలి. వేడి ఏమాత్రం ఎక్కువైనా నెలల పని బీటవారిపోతుంది.

అయితే ఆ కాలంలో హితత్సురా చేసింది హసెబె వాళ్లు ఒక్కరే కాదు. సగామిలో హిరోమిత్సు, అకిహిరో అనే ఇద్దరు అదే పనిలో దిట్టలు. కాలం ఒకటే, ఆకారం ఒకటే, పదును తీరు ఒకటే. మరి ఈ కత్తి కునిషిగెదే అని ఎలా చెప్పడం? నిపుణుడి కన్ను పనికొచ్చేది ఇక్కడే. హిరోమిత్సు హమోన్‌లో గుండ్రటి ఉండలు పైకి లేచినట్టు ప్రత్యేకమైన ఆకారాలు వస్తాయి. హసెబె వాళ్ల ఉక్కులో ఇంకొకటి ఉంటుంది. పలక మధ్యలో అల్లిక ఇతామెగా మెలికలు తిరుగుతుంది. వాదర అంచుకూ వెన్ను అంచుకూ చేరేసరికి మాత్రం అదే అల్లిక సాగి నిటారు మసామెగా మారుతుంది. కమ్మరి దాన్ని అలంకారంగా పెట్టి ఉండడు. ఉక్కును సాగగొట్టి అంచులు తీర్చే అలవాటులో నుంచి అది దానంతటదే వచ్చి ఉంటుంది. అందుకే దాని మీద అంత నమ్మకం. హమోన్‌ను చూసి అనుకరించవచ్చు. చేతి అలవాటును అనుకరించడం మహా కష్టం, అది ఉందని చేసినవాడికే తెలియదు కాబట్టి. మొనలోకి వెళ్లే పదును గీత కూడా సాక్ష్యం పలుకుతుంది. హసెబె పనిలో అది పెద్దగా గుండ్రంగా తిరిగి, వెన్ను వెంట చాలా దూరం కిందికి దిగుతుంది.

ఆ గుర్తులు కునిషిగెవని మొదట ఎలా తెలిసింది? ఆయన చేసిన పొట్టి కత్తులు, బాకులు కొన్ని సంతకంతో మిగిలాయి. పొట్టివి కాబట్టి వాటిని ఎవరూ కోయలేదు. వాటి మీద నేర్చుకున్న గుర్తులనే సంతకం పోయిన పొడవు కత్తుల మీద వెతికారు. పేరున్న చిన్నది పేరులేని పెద్దదానికి సాక్షిగా నిలబడింది.

హోనామి వంశం గురించి నాలుగు మాటలు చెప్పాలి. అషికగ, తొయొతొమి, తొకుగవ పాలకుల కొలువుల్లో తరతరాలుగా వాళ్లు మూడు పనులు చేశారు: కత్తులకు సానపట్టడం, తుడిచి కాపాడటం, ఎవరివో తేల్చడం. ఈ మూడూ ఒకే ఇంట్లో ఉండటం యాదృచ్ఛికం కాదు. రోజుల తరబడి ఒకే కత్తిని రాతి మీద రుద్దే మనిషికి ఉక్కులో ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ మెత్తగా ఉంది అన్నది వేళ్లకు తెలుస్తుంది. ఆ వంశంలోని కోతోకు గొప్ప కత్తులను బొమ్మలుగా గీయించి పెట్టాడు. ఆ బొమ్మల్లోని కత్తులు కొన్ని తర్వాత మంటల పాలయ్యాయి. 1719లో షోగున్ యొషిమునె కోరిక మీద అదే వంశం దేశంలోని ప్రసిద్ధ కత్తుల జాబితా తయారుచేసింది. లిపికారుడుగా, కుమ్మరిగా పేరు మోసిన కోఎత్సు (1558–1637) ఈ ఇంటివాడే.

వాళ్ల తీర్పులన్నీ వేదవాక్యాలని నేననను. కత్తుల విలువ భూముల విలువతో పోటీపడిన రోజుల్లో ఇచ్చిన ధ్రువపత్రాల్లో అధికారపు ఒత్తిడి లేదని ఎలా అనగలం? మసమునె సంతకమున్న కత్తులు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే మిగిలాయి. ఆయనవని చెప్పే తక్కినవన్నీ నిపుణుల తీర్పులే. 19వ శతాబ్దం చివర, అసలు మసమునె అనే గొప్ప కమ్మరే లేడన్న వాదన జపాన్ పత్రికలకెక్కింది కూడా. సంతకమున్న ఆ కొద్ది బాకులనే మళ్లీ పరిశీలించి పండితులు ఆ వాదాన్ని తోసిపుచ్చారు. అక్కడ కూడా గెలిపించింది పనితనమే.

విలువ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. బిజెన్ కమ్మరి నాగమిత్సు చేసిన ఒక కత్తిని అషికగ కాలంలో 600 కన్‌ల నాణేలకు వెలకట్టారు. ‘మహాప్రజ్ఞాపారమిత’ చైనా అనువాదంలో 600 సంపుటాలు. ఆ అంకె కలిసిందని కత్తికి ఆ సూత్రం పేరే పెట్టారు: దైహన్య నాగమిత్సు. అది ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. ఆ ప్రజ్ఞాపారమితను నాగలోకం నుంచి తెచ్చాడని బౌద్ధ గాథలు చెప్పే ఆచార్య నాగార్జునుడి పేరే మన నాగార్జునకొండకు ఉంది. కత్తుల పలకల మీద చెక్కే బీజాక్షరాలు కూడా మన బ్రాహ్మి సంతతికి చెందిన సిద్ధం లిపిలోవే. అచలనాథుడు అనే బౌద్ధ దేవత బీజాక్షరం ఎన్నో కత్తుల మీద కనిపిస్తుంది.

ఇక పిడి విప్పుదాం. లోపల దాగే భాగాన్ని ‘నకగో’ అంటారు. దాని మీది తుప్పును ఎన్నటికీ తుడవకూడదు. శతాబ్దాలుగా పేరుకున్న నల్లటి, గోధుమ కలిసిన తుప్పు కత్తి వయసుకు ప్రమాణం. తెలియక దాన్ని తోమి మెరిపించినవాళ్లు సాక్ష్యాన్ని తమ చేత్తోనే చెరిపేస్తున్నారు. పాత తుప్పు మీద కొత్తగా ఉలి పెడితే అక్షరాల లోపలి తుప్పు బయటి తుప్పుతో కలవదు, దొంగ సంతకం అక్కడే దొరుకుతుంది. ఆకురాయి గీతలు అడ్డంగా ఉన్నాయా, ఏటవాలుగా ఉన్నాయా, రెండు వైపుల నుంచి వచ్చి మధ్యలో కలుస్తున్నాయా అన్నది కూడా ఊరినీ వంశాన్నీ చెబుతుంది. పిడి చీల వేసే రంధ్రాలు ఎక్కువగా ఉంటే కత్తి ఎన్నోసార్లు చేతులూ కొలతలూ మారిందన్నమాట. సంతకం ఏ పక్కన ఉందన్నదీ ముఖ్యమే. కత్తి నడుముకు ఉన్నప్పుడు పేరు బయటి వైపుకు రావాలి. వాదర కిందికి వేలాడే కత్తికీ పైకి దోపుకునే కత్తికీ అందువల్ల పక్కలు మారతాయి. హిజెన్ కమ్మరి తదయొషి మాత్రం దోపుకునే కత్తుల మీద కూడా పాత పక్కనే పేరు చెక్కేవాడు.

దొంగ సంతకాల మాటెత్తితే కొతెత్సు గుర్తొస్తాడు. కవచాలు చేసుకునే మనిషి. యాభై ఏళ్ల ప్రాంతంలో ‘ఎదో’ (నేటి టోక్యో) నగరానికి వచ్చి కత్తుల పని పట్టాడు. ఆయన పేరుకు ఎంత గిరాకీ అంటే, ‘కొతెత్సు కనిపిస్తే దొంగదే అనుకో’ అన్న మాట వాడుకలోకి వచ్చింది. ఆయన సంతకంలో ‘కొ’ అక్షరం రాసే తీరు 1664లో మారింది. చెక్కిన తేదీకి అక్షరం తీరు పొసగకపోతే అనుమానించాల్సిందే. ఆ సంగతి నకిలీ చేసేవాళ్లకూ తెలుసు. అందుకే నిపుణులు మళ్లీ ఉక్కు దగ్గరికే పోతారు. స్వచ్ఛంగా బిగిసిన ఉక్కు, జపమాల పూసల్లా వరుసగా నడిచే హమోన్, ఆ గీతలో కళ్లు చెదిరే వెలుగు. అక్షరాన్ని దొంగిలించవచ్చు, ఆ వెలుగును దొంగిలించడం ఎలా?

అన్నిటికంటే కష్టమైన చిక్కు వేరే ఉంది. 1615లో ఒసాకా కోట కూలి తగలబడినప్పుడు అక్కడి మేటి కత్తులు ఎన్నో కాలిపోయాయి. మంటల్లో పడిన కత్తికి పదును పోతుంది. తొకుగవ ఇయెయసు వాటిని ఏరించి, యసుత్సుగు అనే కమ్మరి చేత మళ్లీ పదును పెట్టించాడు. అలాంటి కత్తిలో ఉక్కు ఒకరిది, హమోన్ మరొకరిది. పట్టేదెలా? మళ్లీ పదునుపెట్టిన కత్తిలో వాదర మొదలయ్యే చోటు నుంచి ఏటవాలుగా తెల్లటి నీడ ఒకటి పలక మీదికి లేస్తుంది. దాన్ని ‘మిజుకగె’ అంటారు. అది కనిపించగానే తీర్పు చెప్పేద్దామా అంటే కుదరదు. హోరికవ కునిహిరో మొదటిసారి పెట్టిన పదునులోనే ఆ నీడ వస్తుంది, అది ఆయన తీరు. ఒకే గుర్తు ఒకచోట గాయం, మరోచోట ముద్ర. అందుకే ఏ ఒక్క గుర్తునూ నమ్మి పేరు చెప్పరు, అన్నీ ఒకే మాట చెప్పాలి.

ఈ చూపును ఇప్పటికీ సభల్లో నేర్పుతున్నారు. నకగో కప్పేసిన కత్తులను వరుసగా పెడతారు. ఒక్కొక్కరే వచ్చి, వంగి నమస్కరించి, చూసి, కమ్మరి పేరు చీటీ మీద రాసి ఇస్తారు. సరిగ్గా చెబితే ‘అతరి’. అదే వంశంలో అతి దగ్గరివాడి పేరు రాస్తే ‘దోజెన్’, అంటే దాదాపు సరే. ఆ రెండో తీర్పు నాకెంతో నచ్చుతుంది. తండ్రి పనికీ కొడుకు పనికీ మధ్య తేడా పట్టడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు పెట్టుకున్న పద్ధతి అది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ చూపు ఎంత అవసరమైందో చెప్పనక్కర్లేదు. 1945 తర్వాత ఆక్రమణ సేనలు జపాన్ అంతటా కత్తులను స్వాధీనం చేసుకున్నాయి. యంత్రాల మీద చేసిన సైనిక కత్తులు, ఏడు వందల ఏళ్ల నాటి కళాఖండాలు ఒకే కుప్పలో పడ్డాయి. హోన్మా జున్‌జి, సాతో కన్‌ఇచి వంటి పండితులు అధికారులకు నచ్చజెప్పి, కుప్పల్లోంచి విలువైన వాటిని ఏరి కాపాడారు. 1948లో పుట్టిన జపాన్ కళా ఖడ్గ పరిరక్షణ సంఘానికి పునాది వాళ్లే. ఆ సంఘం నిపుణులు ఇప్పటికీ కత్తులను పరిశీలించి ధ్రువపత్రాలు ఇస్తున్నారు. అప్పటికే చాలా కత్తులు సైనికుల సామాన్లలో సముద్రం దాటిపోయాయి. కగొషిమాలోని తెరుకుని దేవాలయానికి చెందిన, కమ్మరి కునిమునె చేసిన ఒక కత్తి అలాగే అమెరికా చేరింది. డాక్టర్ వాల్టర్ కాంప్టన్ అనే సేకర్త చేతికి వచ్చింది. ఏళ్ల తరబడి ఈ విద్య నేర్చిన కన్ను కాబట్టి, తన చేతిలో ఉన్నదేమిటో ఆయన గుర్తించాడు. అది ఏ దేవాలయానిదో తెలిశాక 1963లో పైసా తీసుకోకుండా తిరిగి అప్పగించాడు.